ఖాతాదారు వ్యాఖ్య - వర్తకుడి పరపతి

గుంటూరు మిర్చి యార్డులో గాని, దుగ్గిరాల పసుపు యార్డులో గాని సరుకు చూడకుండా ధర చెప్పే కొనుగోలుదారు ఉండడు. మచ్చు చేతిలోకి తీసుకుని రంగు, తేమ, తాలు చూసిన తరువాతే బేరం మొదలవుతుంది. అదే మిర్చిని కారం ఆడించి, పసుపును పొడి చేయించి, పావు కిలో, అర కిలో ప్యాకెట్లుగా పార్సెలు ద్వారా అమ్మే చిన్న వర్తకుడి పరిస్థితి వేరు. అతని ఖాతాదారు ఎక్కడో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉంటాడు. సరుకు చూడడు, వాసన పట్టడు. అంతకుముందు కొన్నవారు ఆన్‌లైన్‌లో రాసిన రివ్యూలను, ఇచ్చిన స్టార్లను చూసి ఆర్డరు పెడతాడు. ఆ వ్యాపారంలో రివ్యూయే మచ్చు.

బజారులో పరపతి సంపాదించడానికి వెనుకటి తరానికి ఇరవై ఏళ్లు పట్టేది. ఇప్పుడు అది ఏడాదిలో రావచ్చు, వారంలో పోవచ్చు. అందుచేత రివ్యూలను చూసుకోవడం కూడా తూకం, నిలవ, బాకీల వసూలు వలె రోజువారీ పనిగా పెట్టుకోవలసి వస్తున్నది.

చిన్నవారికే ఎక్కువ ప్రభావం

అమెరికాలోని సియాటిల్ నగర రెస్టారెంట్ల రాబడిని, యెల్ప్ అనే రివ్యూల సంస్థలో వాటికి వచ్చిన స్టార్లను పోల్చి హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన మైకేల్ లూకా 2011లో ఒక పరిశీలన వెలువరించారు. ఒక స్టారు పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం వరకు పెరిగినట్లు అందులో తేలింది. అయితే ఈ ప్రభావం సొంతంగా నడిచే రెస్టారెంట్లలోనే కనిపించింది. అనేక ఊళ్లలో శాఖలున్న పేరుమోసిన సంస్థలపై కనిపించలేదు. పెద్ద కంపెనీ పేరు కొనేవారికి ముందే తెలుసు. చిన్న వర్తకుడి పేరు తెలిసేది రివ్యూల వల్లనే.

సగటు లెక్క

స్టార్ల సగటు ఎలా కదులుతుందో తెలుసుకోవడం అవసరం. ఒక పచ్చళ్ల దుకాణానికి 10 రివ్యూలు, 4.5 సగటు ఉన్నాయనుకుందాం. మొత్తం 45 స్టార్లు. సీసా పగిలి నూనె కారిందని ఒకరు ఒకే స్టారు ఇస్తే 11 రివ్యూలకు 46 స్టార్లు అవుతాయి. సగటు దాదాపు 4.2కు దిగుతుంది. తిరిగి 4.5కు చేరాలంటే ఆ తరువాత వరుసగా ఏడుగురు ఐదేసి స్టార్లు ఇవ్వాలి. అంటే ఒక పగిలిన సీసా ఖరీదు ఏడుగురు తృప్తి చెందిన ఖాతాదారులు.

అదే దుకాణానికి 200 రివ్యూలు ఉంటే ఆ ఒక్క స్టారు వల్ల సగటు 4.5 నుంచి 4.48కి మాత్రమే తగ్గుతుంది. కనుక మొదటి రోజుల్లోనే ప్రతి ఖాతాదారునూ రివ్యూ రాయమని అడగడం లాభం. ప్యాకెట్టులో ఒక చీటీ పెట్టవచ్చు. సరుకు చేరిన రెండు మూడు రోజులకు ఒక సందేశం పంపవచ్చు. మెచ్చుకున్నవారినే ఏరి అడగడం, రివ్యూకు బదులు డిస్కౌంటు ఆశ చూపడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఫిర్యాదుకు జవాబు

చెడ్డ రివ్యూ చూడగానే చాలామంది వర్తకులు రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. మౌనంగా ఊరుకుంటారు, లేదా తగవుకు దిగుతారు. రెండూ నష్టమే. జవాబు ఫిర్యాదు చేసినవారికే కాదు, రేపు ఆర్డరు పెట్టబోయే వందమందికి కూడా కనబడుతుంది.

సీసా పగిలిన సందర్భంలో జవాబు ఈ విధంగా ఉండవచ్చు: "నమస్కారం. సీసా పగిలి సరుకు పాడైనందుకు విచారిస్తున్నాము. తప్పు మా ప్యాకింగులోనిదే. ఈ రోజే వేరే సీసా పంపుతున్నాము, మీరు ఏమీ చెల్లించనక్కరలేదు. ఇకపై సీసాకు అట్టపెట్టె వేసి పంపుతాము." ఇందులో నాలుగు అంశాలున్నాయి: తప్పు ఒప్పుకోవడం, కారణం చెప్పడం, నష్టం భర్తీ చేయడం, మళ్లీ జరగకుండా ఏర్పాటు. ఒకటి రెండు రోజుల్లో జవాబు ఇవ్వడం మంచిది. ఖాతాదారు ఫోను నంబరు, చిరునామా మాత్రం జవాబులో రాయరాదు. చెప్పిన మాట ప్రకారం సరుకు చేరితే ఖాతాదారు తన రివ్యూను తానే సవరించే వీలుంది. అయితే సవరిస్తేనే సరుకు పంపుతామని షరతు పెట్టరాదు.

టెక్సాస్ రాష్ట్రంలోని హోటళ్లపై డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే పరిశోధకుల పరిశీలన 2017లో వెలువడింది. ట్రిప్‌అడ్వైజర్‌లో జవాబులు ఇవ్వడం మొదలుపెట్టిన హోటళ్లకు రివ్యూలు 12 శాతం, సగటు రేటింగు 0.12 స్టారు పెరిగాయి. యజమాని చదువుతున్నాడని తెలిసినచోట ఆధారం లేని ముక్తసరి తిట్లు తగ్గాయి. ఫిర్యాదు ఉన్నవారు వివరంగా రాశారు. వివరమైన ఫిర్యాదు వర్తకుడికి ఉపయోగపడేదే.

ఫిర్యాదుల ఖాతా

రివ్యూలకు ఒక పుస్తకం పెట్టుకోవడం మేలు. తేదీ, బిల్లు నంబరు, ఫిర్యాదు రకం, చేసిన పరిష్కారం - ఈ నాలుగు గళ్లు చాలు. తూకం, ప్యాకింగు, ఆలస్యం, నాణ్యత, మాటతీరు అని రకాలు విడదీసి నెలాఖరున కూడాలి. పన్నెండు ఫిర్యాదుల్లో ఏడు ప్యాకింగువే అయితే లోపం పచ్చడిలో లేదు, పెట్టెలో ఉన్నది. పెట్టె మార్చడానికి అయ్యే ఖర్చును పోయే ఆర్డర్లతో పోల్చుకుంటే నిర్ణయం తేలిక.

కొన్న పొగడ్త

ఇంత శ్రమ ఎందుకు, డబ్బిస్తే ఐదు స్టార్లు వేయిస్తామని చెప్పే దళారులు ఉన్నారు. ఇది మేలు రకం మచ్చు చూపి నాసి రకం తూచడం వంటిదే. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం విక్రేత తానే వినియోగదారుడిగా చెప్పుకుని రివ్యూలు రాయరాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని, స్వచ్ఛందంగా పాటించవలసినదిగా, విడుదల చేసింది. రివ్యూ రాసేది నిజమైన వ్యక్తేనా అని సరిచూసుకోవాలన్నది అందులో ముఖ్యాంశం. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషిద్ధం.

చట్టం సంగతి అటుంచినా వ్యాపారరీత్యా కూడా ఇది గిట్టుబాటు కాదు. కొనుగోలుకు మొగ్గు 4.0 నుంచి 4.7 మధ్య రేటింగులో ఎక్కువగా ఉండి, 5కు దగ్గరయ్యే కొద్దీ తగ్గుతున్నదని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన స్పీగెల్ పరిశోధన కేంద్రం 2017లో తెలిపింది. ఒక్క మచ్చ కూడా లేని సరుకును కొనేవారు అనుమానిస్తారు. నాలుగు ఫిర్యాదులు, వాటి కింద మర్యాదైన జవాబులు కనిపించే దుకాణమే నమ్మకం కలిగిస్తుంది.

గిట్టనివారి రాతలు

పోటీదారులు రాయించే అబద్ధపు రివ్యూలూ లేకపోలేదు. అప్పుడు ముందు బిల్లుల పుస్తకం తిరగేయాలి. ఆ పేరుతో ఆర్డరు లేకపోతే, "మా బిల్లుల్లో ఈ పేరు కనిపించలేదు. బిల్లు నంబరు తెలిపితే వెంటనే పరిశీలిస్తాము" అని నింపాదిగా జవాబిచ్చి, రివ్యూల సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. దొంగ రివ్యూలను, దూషణలను తొలగించే పద్ధతి గూగుల్‌లో ఉంది. అయితే నచ్చలేదన్న కారణంతో నిజమైన ఫిర్యాదును తొలగించరు. కాబట్టి బిల్లులు, కొరియరు రసీదులు భద్రపరచుకోవాలి.

మిర్చి ధర పెరగడం, తగ్గడం చిన్న వర్తకుడి చేతిలో లేదు. ఖాతాదారుకు చెప్పే జవాబు మాత్రం పూర్తిగా అతని చేతిలోనిదే. రోజూ దుకాణం కట్టే ముందు, గల్లా లెక్కతోపాటు ఆనాటి రివ్యూలను కూడా చూసుకోవడానికి పావుగంట కేటాయిస్తే చాలు.