పేగు ఆపరేషన్ అయిన కుక్కకు పథ్యపానాలు

పేగు కోసి అడ్డుపడిన వస్తువును బయటికి తీయడం, మళ్లీ చుక్క నీరు కారకుండా కుట్టడం మన తరగతుల్లో శ్రద్ధగానే నేర్పుతాం. కాని కుక్కను ఎత్తుకుని ఇంటికి బయల్దేరే యజమాని కుట్లను గూర్చి అడగడు. "సార్, దీనికేం పెట్టమంటారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేని సర్జను పని సగమే చేసినట్లు లెక్క. విద్యార్థి మిత్రులకు ఆ మిగతా సగాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

మామిడి టెంక, మొక్కజొన్న కండె, ఎముక ముక్క, గుడ్డపీలిక, మేజోడు - కుక్క పేగులో ఇరుక్కునే వస్తువులకు అంతులేదు. కూనల్లోనైతే పార్వో విరేచనాల వల్లనో, పురుగుల వల్లనో ఒక పేగు ఇంకో పేగులోకి దూరిపోతుంది. పేగు ఎర్రగా, జీవంతో ఉంటే కోసి, వస్తువు తీసి, మూసేస్తాం. నల్లబడి చచ్చిపోతే ఆ ముక్కను తీసేసి రెండు కొసలనూ కలిపి కుట్టాలి. ఈ తేడా బాగా గుర్తుంచుకోండి. మొదటి దానిలో పేగు మొత్తం మిగులుతుంది. రెండవ దానిలో ఏ భాగం పోయింది, ఎంత మిగిలింది అన్న దానిమీదే తర్వాతి కథంతా నడుస్తుంది.

పేగు కుట్టులో దారం పట్టు నిలిచేది సబ్‌మ్యూకోసా పొరలోనని అమెరికా సర్జను విలియం హాల్‌స్టెడ్ 1887లో ప్రకటించాడు. ఆయన ప్రయోగాలు చేసింది కుక్కల పేగుల మీదనే. అంటే మనుషుల పేగు కుట్టే విద్యలో కుక్క ఋణం కొంత ఉంది. ఎంత బాగా కుట్టినా మొదటి 3 నుంచి 5 రోజులు కుట్టు బలహీనంగానే ఉంటుంది. కుక్క మళ్లీ వాంతులు మొదలుపెట్టినా, తిండి మానేసి మూల పడుకున్నా, జ్వరం వచ్చినా, పొట్ట ముట్టనివ్వకపోయినా కుట్టు ఊడి లోపల కారుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు పథ్యం మార్చి చూద్దామని కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని యజమానికి ముందే చెప్పి పంపాలి. మొదటి రెండు మూడు రోజులు మలం రాకపోతే మాత్రం కంగారు లేదు. పేగు ఖాళీగా ఉంది కనుక రాదు. తారులా నల్లగా, జిగటగా వస్తూనే ఉంటే రక్తం పోతున్నట్లే.

"లంఖణం పరమౌషధం" అని మన పెద్దల మాట. పూర్వం పేగు ఆపరేషన్ తర్వాత కుక్కను రోజుల తరబడి పస్తు పెట్టేవారు కూడా. ఇప్పుడా పద్ధతి పోయింది. పేగు లోపలి కణాలు తమకు కావలసిన ఆహారంలో చాలాభాగం తమ గుండా పోయే తిండి నుంచే తీసుకుంటాయి. పస్తు పెడితే ఆ పొర పలచబడుతుంది, పేగు కదలిక మందగిస్తుంది. కాబట్టి మత్తు పూర్తిగా దిగి, వాంతులు లేకుంటే 12 నుంచి 24 గంటల్లో కొద్దికొద్దిగా తిండి మొదలుపెడతాం.

ఎంత పెట్టాలి? బరువును 30తో గుణించి 70 కలపండి. 10 కిలోల కుక్కకు 370 కిలో కేలరీలు వస్తుంది. విశ్రాంతిగా ఉన్న కుక్కకు ఒక రోజుకు ఇది చాలు. మెత్తగా ఉడికిన తెల్లన్నం 150 గ్రాములు, తోలు తీసి ఉత్త నీళ్లలో ఉడికించిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాములు కలిపితే ఇంచుమించు అంత అవుతుంది. మొదటి రోజు ఇందులో మూడో వంతు, రెండో రోజు రెండు వంతులు, మూడో రోజు మొత్తం. అదీ రోజుకు ఐదారుసార్లుగా. నూనె, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి విషం. ఎముక అసలే వద్దు. పాలు విరేచనాలు చేస్తాయి. పెరుగన్నం కావాలంటే మొదటి వారం దాటాక ఒక చెంచాతో మొదలుపెట్టి చూడాలి. అన్నం, కోడిమాంసంలో కాల్షియం వంటివి చాలవు. అందువల్ల రెండు వారాల్లోగా సంపూర్ణాహారానికి మెల్లమెల్లగా, వారం రోజులు కలుపుతూ మార్చాలి.

ఇక విరేచనాలు. రోజుకు రెండు మూడుసార్లే అయినా ఎక్కువెక్కువగా వెళుతూ కుక్క చిక్కిపోతుంటే చిన్నపేగు బాధ. మాటిమాటికీ ముక్కుతూ, కొంచెం కొంచెంగా, జిగురుతో వెళితే పెద్దపేగు బాధ. ఈ రెండోదానికి ఉడికించిన తీపి గుమ్మడి ఒకటి రెండు చెంచాలు పనికొస్తుంది.

చిన్నపేగు చివరి భాగమైన ఇలియమ్ పోతే రెండు నష్టాలు. బి12 విటమిన్, పిత్త లవణాలు ఒంటికి పట్టేది అక్కడే. బి12 తగ్గితే ఎంత తిన్నా కుక్క తేరుకోదు. వారానికొక ఇంజక్షన్ చొప్పున ఆరు వారాలు ఇస్తాం. పిత్త లవణాలు పెద్దపేగులోకి జారితే నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. పేగు చాలాభాగం తీసేసినప్పుడు మిగిలిన పేగు లావెక్కి, పోయినదాని పని నేర్చుకోవడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది.

ఒక లారీ క్లీనరు పెంచిన నాటుకుక్క నాకు తెలుసు. చిన్నపేగులో సగానికి పైగా తీసేయవలసి వచ్చింది. 14 కిలోలది ఆరు వారాల్లో 11 కిలోలకు దిగింది. "బాధపెట్టడమెందుకు, ఇంజక్షన్ చేసి పంపించేద్దామా సార్" అని ఆయనే అడిగాడు. నెల జీతంలో ఎంత దీనికే పోతోందో నాకు తెలుసు. ఇంకో రెండు నెలలు ఆగమన్నాను. ఆయన భార్య పిల్లల పాత నోటుబుక్కులో రోజూ ఏం పెట్టిందీ, ఎన్నిసార్లు బయటికెళ్లిందీ రాసేది. వారం వారం బరువు వేసింది. ఆ లెక్క చూసే మేము కొవ్వు తగ్గించాం, పూటలు పెంచాం, బి12 ఇచ్చాం. మూడో నెలకు మలం గట్టిపడింది. ఐదో నెలకు 13 కిలోలకు వచ్చింది. అన్ని కుక్కలూ ఇలా తేరుకోవు. కాని తేరుకునేదానికి గడువివ్వకుండా తీర్పు చెప్పకూడదు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు వేయరాదు. పేగులో పుండ్లు పడి చిల్లులు పడవచ్చు. విరేచనాలు కట్టే లోపెరమైడ్ కూడా కోలీ జాతుల్లో కొన్ని కుక్కల మెదడుకు ఎక్కి ప్రమాదం తెస్తుంది. డాక్టరును అడగకుండా ఏ మాత్రా వద్దు.

మిత్రులారా, రేపు మీరు ఏ ఊరి పశువైద్యశాలలో ఉన్నా కుట్లు వేశాక ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి, ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి - ఈ నాలుగూ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి యజమాని చేతిలో పెట్టండి. చదువు రానివారైతే ఎదురుగా కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పించుకోండి. దానికి పట్టేది పది నిమిషాలే. రెండు గంటల ఆపరేషన్ నిలిచేది ఆ పది నిమిషాల వల్లనే.