లడ్డును టీవీలో చూపించే ముందు

చి. స్వాతికి,

కొత్త ఇల్లు దొరికేదాకా ఫోస్టర్ కుక్కల్ని సాకే కుటుంబాల మీద ఏదో రియాలిటీ షో తీస్తున్నారని, మిమ్మల్నీ అడిగారని మీ అమ్మ చెప్పింది. పిల్లలు అప్పుడే డ్రెస్సులు కూడా తీసిపెట్టుకున్నారట! నల్లవి మాత్రం వద్దను, మీరు సాకుతున్న లడ్డు వెంట్రుకలన్నీ కనిపిస్తాయి.

వద్దనడానికి రాయడం లేదు. మన నాటు కుక్కకు ఇల్లు దొరకాలంటే నలుగురి కంటా పడాల్సిందే. కానీ లడ్డు నీది కాదు. తొండుపల్లి సర్వీసు రోడ్డు మీంచి తెచ్చి, కాలు బాగుచేయించి నీ చేతిలో పెట్టిన సంస్థది. వాళ్లు సరేనన్నాకే నువ్వు ఊ కొట్టు.

షూటింగులో జంతువును వాడాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. అది తెచ్చుకోవాల్సింది నిర్మాతలే, నువ్వు కాగితం చూపించమను. "చిన్న క్లిప్పే కదా మేడమ్" అన్నారంటే అక్కడితో ఆపెయ్. 2024లో హిందీ బిగ్‌బాస్ 18వ సీజన్ ఇంట్లో గాడిదను పెట్టారు. పెటా ఇండియా అభ్యంతరం చెప్పాక బయటికి పంపారు. అన్నాళ్లూ ఆ లైట్ల మధ్య దాని అవస్థ ఎవరికి పట్టింది?

మొన్న మీ ఇంట్లో చూశాగా, నెత్తిమీంచి విమానం దిగుతున్నా లడ్డు తల ఎత్తదు. అదే పక్కింటాయన గుమ్మంలో గొడుగు టప్పున తెరిస్తే మంచం కిందికి దూరింది. షూటింగు లైట్లకూ తెల్ల గొడుగులే ఉంటాయి. ముందురోజే తెచ్చి, వెలిగించకుండా ఓ మూల పెట్టమను, వాసన చూసుకుంటుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తున్నా, ఊరికే మూతి నాక్కుంటున్నా భయపడుతోందని లెక్క. డైరెక్టరు "భలే క్యూట్‌గా ఆవలించింది, ఇంకోసారి" అంటాడు. నువ్వు మాత్రం గదిలోకి తీసుకుపో.

అసలు పేచీ చివర్లో వస్తుంది. లడ్డును కొత్తవాళ్లకిచ్చే రోజు షో వాళ్లకు పెళ్లి అప్పగింతల సీను కావాలి. పిల్లలు వెక్కివెక్కి ఏడవాలి, వెనక సన్నాయి మోగాలి. ససేమిరా ఒప్పుకోకు. కొత్త మనుషుల మధ్యకు వెళ్లే కుక్కకు ఆ రోజు సద్దు లేకుండా ఉండాలి. పైగా ఆ ఏడుపు చూసినవాళ్లు "అమ్మో, ఇంత బాధ మావల్ల కాదు" అని ఫోస్టర్ మాటే ఎత్తరు. ఒక కుక్క వెళ్తేనే కదా, నీ ఇంట్లో ఇంకోదానికి చోటు దొరికేది! ఆ ముక్క కెమెరా ముందు నీ నోటితో చెప్పు. కట్టు మార్చడం, అర్ధరాత్రి ఉచ్చ తుడవడం తీసుకోమను. నెల తర్వాత కొత్త ఇంట్లో లడ్డు ఎలా ఉందో వెళ్లి తీసుకోమను.

తెర మీద నీ నంబరు వేయనివ్వకు, సంస్థది వేయమను. "టీవీలో వచ్చిన కుక్కే కావాలి" అనే ఫోన్లు బోలెడొస్తాయి. అద్దె ఇల్లా, ఓనరు ఒప్పుకున్నాడా, పగలంతా ఇంట్లో ఎవరుంటారు అని అడగడం సంస్థవాళ్లకు అలవాటే. నువ్వైతే మొహమాటపడతావు.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి. మీ పెదనాన్న చదువుతానన్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ