రిమోట్ టీమ్‌లో మీ రాతే మీ హాజరు

రిమోట్ ఉద్యోగం అనగానే విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్నలు దాదాపు ఒకటే. ల్యాప్‌టాప్‌కు ఎంత ర్యామ్ కావాలి, ఊళ్లో ఫైబర్ కనెక్షన్ సరిపోతుందా, జీతం డాలర్లలో ఇస్తారా? అడగాల్సినవే. అయితే చేరాక తొలి నెలల్లో ఒకరు నిలదొక్కుకోవడానికి, మరొకరు ఇబ్బంది పడటానికి కారణం చాలావరకు వేరే ఉంటుంది. ఆఫీసులో మీరు తల పట్టుకుని కూర్చుంటే పక్క సీటువాళ్లు చూసి 'ఏమైంది?' అంటారు. ఇంట్లో అదే అవస్థ పడుతుంటే చూసేవారు ఉండరు. టీమ్‌కు మీ గురించి తెలిసేదంతా మీరు రాసినదాని నుంచే. ఎంత కష్టపడి చేసినా, రాయని పని వాళ్ల లెక్కలోకి రాదు. కోడింగ్, డిజైన్, అకౌంట్స్ ఎలా నేర్చుకుంటారో రాయడం కూడా అలాగే, పనిలో భాగంగా నేర్చుకోవాలి.

విజయనగరంలో ఇంటి నుంచి పనిచేసే ఒక ఫ్రెషర్ అనుకుందాం. ఉదయం పదింటికి చాట్‌లో 'హాయ్' అని పెట్టి ఊరుకున్నారు. న్యూయార్క్‌లో ఉన్న సీనియర్‌కు అది అర్ధరాత్రి దాటిన వేళ. మన సాయంత్రం ఏడింటికి ఆయన సిస్టమ్ ముందుకొచ్చి 'హాయ్, చెప్పండి' అన్నారు. మన ఫ్రెషర్ ఎనిమిదింటికి చూసుకుని అసలు విషయం రాశారు. అప్పటికి ఆయన మీటింగ్‌లో ఉన్నారు. జవాబు వచ్చేసరికి ఇక్కడ నిద్రపోయే వేళయింది. ఒక్క ప్రశ్నకు రోజంతా పోయింది. ఇందులో ఎవరూ సోమరితనం చూపలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. పలకరింపు ఒక మెసేజ్‌గా, పని మరో మెసేజ్‌గా విడిపోవడమే సమస్య.

అదే ఉదయం పదింటికి ఇలా రాసి ఉంటే? 'స్టేజింగ్ సర్వర్‌లో లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదు, 502 ఎర్రర్ వస్తోంది. స్క్రీన్‌షాట్ కింద పెట్టాను. సర్వీసు ఒకసారి రీస్టార్ట్ చేశాను. లాగ్స్ చూస్తే డేటాబేస్ కనెక్షన్ దొరకడం లేదని ఉంది. నాకు డేటాబేస్ యాక్సెస్ లేదు. మీరు యాక్సెస్ ఇస్తే రేపు ఉదయం నేనే చూస్తాను. ఇవ్వడం కుదరకపోతే ఎవరిని అడగాలో చెప్పండి. ఈలోగా ప్రొఫైల్ పేజీ పని మొదలుపెడుతున్నాను.' ఇది చదివిన మనిషి మిమ్మల్ని ఎదురు ప్రశ్న అడగనక్కర్లేదు. యాక్సెస్ ఇచ్చేసి తన పనికి వెళ్లిపోవచ్చు. మీరు నిద్రలేచేసరికి దారి తెరిచి ఉంటుంది. పైగా ఏం ప్రయత్నించారో రాశారు గనుక, మీరు చేతులు ముడుచుకుని కూర్చోలేదని వేరే చెప్పుకోవాల్సిన పని లేదు. ఇద్దరూ ఒకే వేళకు మేలుకుని ఉండకపోయినా పని ముందుకు సాగే ఈ పద్ధతినే రిమోట్ కంపెనీలు 'అసింక్' అంటాయి.

ఈ తరహా సంస్థల్లో నేను విద్యార్థులకు ముందుగా చూపించేది గిట్‌ల్యాబ్‌ను. 2011లో ఉక్రెయిన్‌లో ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. నెదర్లాండ్స్‌కు చెందిన మరొకరు తోడై దాన్ని కంపెనీగా మలిచారు. ఉద్యోగులంతా ఎవరి ఊళ్లో వాళ్లుండి పనిచేసే ఆ సంస్థ 2021 అక్టోబరులో నాస్‌డాక్‌లో లిస్టయింది. సెలవు ఎలా పెట్టాలి, మీటింగ్ ఎలా నడపాలి, అభిప్రాయభేదం వస్తే ఎలా చెప్పాలి, అన్నీ ఒక హ్యాండ్‌బుక్‌లో రాసి పెట్టుకున్నారు. అచ్చు వేస్తే రెండువేల పేజీలు దాటే ఆ పుస్తకంలో అధికభాగం ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు అందులో కమ్యూనికేషన్ భాగం చదవండి. చేరబోయేది వేరే కంపెనీ అయినా ఉపయోగపడుతుంది.

నా దృష్టిలో ఆ హ్యాండ్‌బుక్ కన్నా గొప్ప పాఠం అదే సంస్థలో 2017 జనవరి 31 రాత్రి జరిగిన సంఘటన. డేటాబేస్ సమస్యను సరిచేస్తున్న ఒక ఇంజినీరు, రెండో సర్వర్‌లో తొలగించాల్సిన డైరెక్టరీని పొరపాటున అసలు సర్వర్‌లో తొలగించారు. గుర్తించి ఆపడానికి ఒకట్రెండు సెకన్లే పట్టింది. ఆ లోపే దాదాపు 300 జీబీ డేటాలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ పద్ధతులు ఒక్కటొక్కటే వెతికి చూస్తే అవీ సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. చివరికి సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టుకున్న ఒక కాపీ వాళ్లను ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో వాడుకరులు చేర్చిన సమాచారం మాత్రం పోయింది.

ఇంత జరిగినప్పుడు ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన విషయం బయటకు పొక్కకుండా చూసుకోవడం. ఆ టీమ్ అలా చేయలేదు. ఏం జరిగింది, ఏం చేస్తున్నాం, ఏం తెలియడం లేదు అన్నవి ఒక గూగుల్ డాక్‌లో రాస్తూ దాన్ని లోకమంతా చదివేలా తెరిచిపెట్టారు. పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత ప్రచురించిన నివేదికలో కారణాలను వ్యవస్థలో వెతికారు. ఆ ఇంజినీరు ఉద్యోగమూ పోలేదు. రిమోట్ టీమ్‌లో చెడ్డ వార్త ఆలస్యమయ్యే కొద్దీ నష్టం పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని మరొకరు తమంతట తాము గమనించే అవకాశం తక్కువ. ప్రతి కంపెనీ ఇంత ఉదారంగా ఉంటుందని నేననను. అయినా 'ఉదయం పదకొండింటికి ఈ పొరపాటు జరిగింది, ప్రస్తుతం పరిస్థితి ఇది, ఇలా సరిచేస్తున్నాను' అని ముందే రాసినవాళ్లను నమ్మినట్టు, అడిగితేగానీ చెప్పనివాళ్లను ఏ మేనేజరూ నమ్మరు.

మన పెంపకంతో వచ్చే చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. పెద్దవాళ్లు పని చెబితే కాదనకూడదని నేర్చుకుని పెరిగాం. 'శుక్రవారానికి అయిపోతుందా?' అని మేనేజర్ అడిగితే 'అయిపోతుంది సర్' అనేస్తాం. మన ఆఫీసులో అయితే ఆ 'అయిపోతుంది' అన్న తీరు, తల ఊపిన తీరు చూసి సీనియర్ సగం విషయం పసిగడతారు. డెన్వర్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న మనిషికి అందేది ఆ ఒక్క మాటే. ఆయన దాన్ని నమ్మి క్లయింటుకు మాట ఇచ్చేస్తారు. 'శుక్రవారానికి రిపోర్టు ఇవ్వగలను, చార్టులు మాత్రం మంగళవారం అవుతాయి. చార్టులు ముందు కావాలంటే రిపోర్టు వెనక్కి జరుపుతాను' అని రాయడం అమర్యాద కాదు. పేరు పెట్టి పిలిచే అలవాటున్న టీమ్‌లలో మీరు సర్ అన్నా అనకపోయినా పట్టించుకోరు. ఇచ్చిన తేదీ తప్పితే మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

ఇంగ్లిష్ గురించి భయపడే తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. ఎదురుగా మాట్లాడటం కన్నా రాయడంలో మీకే వెసులుబాటు ఎక్కువ. పంపేముందు రెండుసార్లు చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. చిన్న వాక్యాలు, ఒక వాక్యానికి ఒకే విషయం, ఫైలు పేరు, లింకు, తేదీ ఉంటే చాలు. గంభీరమైన పదాలు ఎవరూ అడగరు. ఏఐ టూల్‌తో భాష దిద్దించుకునేవాళ్లు మాత్రం కంపెనీ అనుమతించిన టూలేనా అని తెలుసుకోవాలి. క్లయింటు వివరాలు, కోడ్, పాస్‌వర్డులు అందులో అతికించకండి.

గడియారం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ తగాదాలు తెస్తుంది. మన సమయం ఏడాది పొడవునా మారదు. అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అందుకే న్యూయార్క్‌తో మనకు తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. కాలిఫోర్నియాతో పన్నెండున్నర, పదమూడున్నర. బ్రిటన్‌, చాలా యూరప్ దేశాలు మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో మార్చుకుంటాయి. మధ్యలో వచ్చే ఆ కొద్ది వారాల్లో లండన్, న్యూయార్క్, హైదరాబాద్ కలిసే మీటింగ్ ఎవరో ఒకరికి తప్పిపోతుంది. 'రేపు ఉదయం', 'ఈఓడీ' (రోజు ముగిసేలోగా) అని రాయకండి. తేదీ, సమయం, ఎవరి కాలమానమో రాయండి. సంక్రాంతి వాళ్ల క్యాలెండర్‌లో ఉండదు, కాబట్టి సెలవు కొన్ని వారాల ముందే నమోదు చేసి, ఆ రోజుల్లో మీ పని ఎవరు చూస్తారో కూడా రాసి వెళ్లండి.

ప్రశ్నలు ఎక్కడ అడగాలన్నది మరో సంగతి. అందరిముందు అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు తెలిసిన సీనియర్‌కు విడిగా మెసేజ్ పెడతారు. ఆయన సెలవులో ఉంటే పని ఆగిపోతుంది. జవాబు వచ్చినా అది ఆ ఇద్దరి మధ్యే మిగిలిపోతుంది. టీమ్ ఛానెల్‌లో అడిగితే మేలుకుని ఉన్న ఎవరైనా చెబుతారు, ఆరునెలల తర్వాత చేరే మరో కొత్తవారికి వెతికితే దొరుకుతుంది. జీతం, ఆరోగ్యం, ఒకరిపై ఫిర్యాదు లాంటివి మాత్రం విడిగానే మాట్లాడాలి. ఫోన్లో తేలిన నిర్ణయాన్ని కూడా కాల్ అయ్యాక రెండు వాక్యాల్లో ఛానెల్‌లో రాసిపెట్టండి.

ఇంటి పరిస్థితి దాచుకోనక్కర్లేదు. రెండు గదుల ఇంట్లో నలుగురుంటే కెమెరాలో మీ వెనుక మనుషులు కదలడం సహజం. ఏ వేళల్లో కరెంటు పోతుందో ముందే చెప్పండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. ఆడపిల్లలకు ఇంటి పనుల బాధ అదనం. ఇంట్లోనే ఉంది కదా అని గ్యాస్ సిలిండర్ నుంచి చుట్టాల కాఫీ దాకా అన్నీ ఆమె మీదే పడతాయి. దీన్ని సర్దుబాటు చేసుకోవాల్సింది ఆమె ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ. పని వేళలు ఇంట్లో అందరికీ కనిపించేలా గోడమీద రాసి పెట్టడం దగ్గర మొదలుపెట్టవచ్చు. చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకూడదని అర్ధరాత్రి దాకా మేలుకోవడమూ మంచిది కాదు. రోజు ముగించేటప్పుడు ఏం పూర్తయింది, ఏది ఆగింది, రేపు ఏం చేస్తారన్నది రాసి లాగవుట్ అవ్వండి.

ఇవన్నీ ఉద్యోగం రాకముందే సాధన చేయడానికి మనకు చోట్లున్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపేది ఎక్కడెక్కడో ఉండి రాసే ఔత్సాహికులు. ఒక మార్పు ఎందుకు చేశారో సారాంశంలో రాయాలి, అభ్యంతరాలకు వ్యాసం చర్చాపేజీలో ఓపికగా జవాబివ్వాలి, ఉమ్మడి విషయాలు 'రచ్చబండ' పేజీలో తేల్చుకోవాలి. రిమోట్ టీమ్ మీ నుంచి కోరేవి ఇవే, ఇక్కడ తెలుగులో నేర్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవారికి 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అలాగే అవుట్‌రీచీ ఉన్నాయి. రెండూ ఇంటి నుంచే పనిచేస్తూ స్టైపెండ్ పొందే అవకాశాలు. ఎంపికైనా కాకపోయినా, అక్కడ మీరు రాసిన చర్చలు బహిరంగంగా ఉంటాయి. రెజ్యూమెలో ఆ లింకులు ఇవ్వండి.

ఆఫర్ చేతికొచ్చాక అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజులో ఎన్ని గంటలు టీమ్‌తో కలిసి ఉండాలి, అవి మన రాత్రిలో ఎంత లోపలికి వస్తాయి? ల్యాప్‌టాప్ ఎవరిస్తారు? నన్ను ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్‌గానా? కాంట్రాక్టర్ అయితే పీఎఫ్, జీతంతో కూడిన సెలవులు సాధారణంగా ఉండవు, పన్ను లెక్క మీరే చూసుకోవాలి, కాబట్టి ముందే ఒక ఆడిటర్‌ను కలవండి. మరో పని కూడా చేసుకోవచ్చా అన్న నిబంధనను తప్పకుండా చదవండి. పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్టు విప్రో 2022 సెప్టెంబరులో ప్రకటించింది. టెలిగ్రామ్‌లో 'ఇంటి నుంచే పని' అంటూ వచ్చి, రిజిస్ట్రేషన్ ఫీజో డిపాజిట్టో అడిగేవాళ్లు ఉద్యోగం ఇచ్చేవాళ్లు కారు. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.