నీళ్ల దాకా సాగనంపి

చెల్లీ, ఐర్లాండ్ నుంచి వచ్చి పది రోజులైంది. పెట్టెలు సర్దడం, బట్టలు ఉతకడం అన్నీ అయ్యాయి గానీ మనసు మాత్రం ఇంకా ఆ కోటల దగ్గరా, ఆ వంతెనల మీదా తిరుగుతోంది. నీతో చెప్పుకుంటే తప్ప కుదుటపడదు. పనులుంటే తర్వాత చూసుకుందువుగాని, కాసేపు కూర్చో.

అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది కదా. సెలవు పెట్టి, తనే కారు నడుపుతూ నన్ను తిప్పింది. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి, ఆ ఇబ్బంది లేదు. పల్లెల్లోకి దిగాక మాత్రం దారులు మరీ సన్నం. రెండు పక్కలా సున్నం, మట్టి తగలకుండా ఉత్తి రాళ్లు పేర్చిన గోడలు. ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. మనం తగ్గి దారిచ్చామా, ఆ రైతు స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి లేపి పలకరించి పోతాడు. రెండో రోజుకల్లా పక్క సీట్లోంచి నేనూ వేలెత్తుతున్నాను.

మొదట చూసింది టిప్పరరీలో కేర్ కోట. షూర్ నది నడుమ బండ మీద కట్టారు. పక్కనున్న వంతెన మీంచి చూస్తే బండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. గుమ్మంలో పైనుంచి కిందికి దించే చువ్వల తలుపు ఇంకా ఉంది. 1599లో ఇంగ్లండ్ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫిరంగులతో కొడితే మూడు రోజుల్లో కోట చేజారింది. అప్పటి గుండొకటి గోడలో ఇరుక్కుని ఇప్పటికీ కనబడుతుంది. 1650లో ఇంకో ఇంగ్లిష్ సేనాని క్రాంవెల్ వచ్చినప్పుడు మాత్రం పోరాడకుండానే అప్పగించేశారు. కోట అంత నిండుగా మిగలడానికి అదే కారణం. అంతా చూస్తున్నాను గానీ నా మనసు వేరేది వెతుకుతోంది. ఆ గుండు పడ్డ పూట ఇంట్లో ఆడవాళ్లెక్కడున్నారు? పిల్లల్ని ఏ గదిలో దాచుకున్నారు? మనకు చెప్పే ఏళ్లూ పేర్లూ అన్నీ ప్రభువులవే.

జవాబు క్లేర్‌లో దొరికింది. అక్కడ బరెన్ అని, కనుచూపు మేరా సున్నపురాయి పరుచుకున్న నేల. దాని అంచున లెమనే కోట. లోపలికి వెళ్లనివ్వరు, రోడ్డు మీంచే చూడాలి. కప్పు పోయి గోడలే మిగిలాయి. కానీ నిదానంగా చూస్తే ఆ గోడల్లోనే రెండు కాలాలు కనబడతాయి. ఒక చివర 1480 నాటి బురుజు. బాణం పట్టేంత సందులే తప్ప కిటికీ అన్న మాటే లేదు. దానికి ఆనించి 1648 ప్రాంతంలో కట్టిన నాలుగంతస్తుల ఇల్లు. దానికి వరసగా పెద్ద పెద్ద కిటికీలు, నడుమ రాతి కమ్మీలు. ఇంట్లోకి వెలుగు రావాలనుకున్నవాళ్లు కట్టుకున్న ఇల్లది.

ఆ ఇంటి ఇల్లాలు మైరే రువా, అంటే ఎర్రజుట్టు మేరీ. 1651లో భర్త కానర్ ఓబ్రయన్ క్రాంవెల్ సైన్యంతో పోరులో దెబ్బతిని పోయాడు. ఓడినవాళ్ల భూములన్నీ గెలిచినవాళ్లు లాక్కుంటున్న రోజులు. కొడుకు చిన్నవాడు. ఆమె ఏం చేసిందో తెలుసా? ఆ శత్రు సైన్యంలోనే ఉన్న జాన్ కూపర్‌ని పెళ్లాడింది. ఆస్తి కొడుక్కి దక్కింది. పనివాళ్లను కిటికీలకు వేలాడదీసేదని, ఇంకా ఏవేవో ఆమె మీద కథలు చెప్పుకుంటారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పిల్లాడి కోసం మొండికెత్తిన ఆడదాన్ని లోకం ఏమంటుందో మనకు తెలియనిదా!

మేయోలో ఇంకో ఆవిడ. గ్రేస్ ఓమాలీ, వాళ్ల నోట గ్రాన్యవేల్. ఓడల మీద మనుషుల్ని నడిపించిన నాయకురాలు. సముద్రపు పాయ ఒడ్డున రాక్‌ఫ్లీట్ అనే చిన్న బురుజు ఆమెది. అప్పటి వాళ్ల చట్టంలో ఏడాది గడువు పెళ్లి ఉండేదట. ఏడాది నిండగానే తలుపులు బిగించుకుని, పైనుంచే మొగుడికి ఇక వెళ్లిరమ్మని చెప్పి, కోట తనే ఉంచుకుందని కథ. కథ సంగతెలా ఉన్నా ఇది మాత్రం చరిత్ర: కొడుకునీ తమ్ముణ్నీ ఇంగ్లిష్ అధికారి బంధిస్తే, 1593లో, అరవై దాటిన వయసులో, సముద్రం దాటి వెళ్లి ఎలిజబెత్ రాణినే కలిసింది. మేం వెళ్లినప్పుడు సముద్రం పాటు మీద ఉంది. గోడ అడుగున నాచు పట్టిన రాళ్లు తేలాయి. ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

పక్కనే న్యూపోర్ట్‌లో ఏడు కమానుల పాత రైలు వంతెన. 1937లో రైళ్లు ఆగాయి, ఇప్పుడు దాని మీద నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. ఎర్రరాయి, సాయంత్రం ఎండలో ఎంత బావుందో!

అసలు చెప్పాలనుకున్నది డొనెగాల్ సంగతి. మకిష్ కొండ పక్కన, ఊళ్లకు దూరంగా, చిన్న రాతి వంతెన. గబగబా నడిస్తే పది పన్నెండు అడుగుల్లో దాటేస్తాం. వాళ్ల భాషలో దాని పేరుకి అర్థం కన్నీళ్ల వంతెన. బతుకుతెరువు కోసం దేశం విడిచేవాళ్లు డెర్రీ రేవుకి నడిచిపోయే దారి అది. 1845లో మొదలైన కరువులోనే పది లక్షలమంది పోయారు, ఇంకో పది లక్షలమంది వలసెళ్లారు. వెళ్లే ముందు రాత్రి, చనిపోయినవాళ్ల కోసం మేలుకున్నట్టే ఇంటిల్లిపాదీ మేలుకునేవాళ్లట. మళ్లీ చూస్తామన్న ఆశ లేదు మరి. తెల్లారాక అయినవాళ్లు ఈ వంతెన దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు. బిడ్డ ఒక్కడే ముందుకి.

ఆప్తుల్ని నీళ్ల దాకా సాగనంపాలని మన పెద్దలంటారు కదా. శాకుంతలంలో కణ్వుడూ కొలను దగ్గరే ఆగాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నేను గాజు తలుపుల దగ్గర ఆగిపోయి, అమ్మాయి ట్రాలీ మలుపు తిరిగేదాకా చూసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చాక దాని గదిలో లైటు తీయలేదు, నీకు తెలుసుగా.

వంతెన కింద వాగు చప్పుడు తప్ప ఇంకేం లేదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అవతలి ఒడ్డుకి నడిచాం. కాస్త నిలబడి, మళ్లీ ఇద్దరం కలిసే ఇవతలికి వచ్చాం.