తూకానికి అందనిది

పాఠ్యభాగ ఉద్దేశం

శరీర బరువు వైద్యశాస్త్రానికి సంబంధించిన విషయం. అయినా దానిని తగ్గించుకోవాలన్న ప్రయత్నం మొదట మనసులోనే మొలకెత్తుతుంది. ఆ ప్రయత్నం నిలవడానికీ, మధ్యలో ఆగిపోవడానికీ గల మానసిక కారణాలను తెలుసుకోవడం, ఎవరి దేహాన్ని వారు గౌరవంతో చూసుకునే దృష్టిని అలవరచుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో లావుగా ఉన్న మనిషిని 'దొడ్డుగ ఉన్నడు' అంటారు. అదే మాట గ్రంథాలలో 'దొడ్డ' అనే రూపంలో గొప్పతనాన్ని తెలుపుతుంది. దొడ్డ మనసు, దొడ్డ గుణం అనే పలుకుబళ్ళు అలా పుట్టినవే. ఒకప్పుడు పుట్టింటికి వచ్చిన ఆడపడుచును చూసి 'ఒళ్ళు చేసినవు బిడ్డా' అంటే అది మెచ్చుకోలు. 'గిట్ల చిక్కిపోయినవేంది' అంటే అది ఆందోళన. తిండిగింజలకు కరవు తప్పని కాలంలో నిండైన ఒళ్ళు కలిమికి గుర్తు. నేడు అదే మెచ్చుకోలును అదే ఇంట్లో పలికితే విన్న పిల్ల ముఖం చిన్నబోతుంది. మాట మారకపోయినా దాని వెనుక ఉన్న కాలం మారింది.

కాలం మారిన తీరును ఒక సంస్థ చరిత్రలో చూడవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ఏర్పడిన చిన్న విభాగంగా ప్రారంభమైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బులను పరిశోధించడానికి పుట్టిన ఆ సంస్థ ఇప్పుడు స్థూలకాయాన్ని గురించి కూడా హెచ్చరించవలసి వస్తున్నది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ వయసు గల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 24 మంది, తెలంగాణలో నూటికి 30 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 19 మంది ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నట్లు తేలింది. ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో ఈ రెండు సమస్యలూ కలిసి కాపురం చేస్తున్నాయి.

అధిక బరువు కలిగినవారి వ్యాధి, సోమరుల లక్షణం అనే అభిప్రాయం లోకంలో ఉన్నది. ఒకప్పటి ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల జీవితాన్ని గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని కూర్చుంటుంది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి పొందుతుంది. వేళ్ళకు క్షణం తీరిక లేకపోయినా కాళ్ళకు కదలిక ఉండదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పనిచేసే కార్మికుడు గంటల తరబడి నిలబడతాడు. రాత్రి షిఫ్టులో నిద్రను ఆపుకోవడానికి చాయ్, ఆకలిని ఆపుకోవడానికి మిర్చి బజ్జీ అతనికి తోడవుతాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో కుటుంబ పెద్ద గల్ఫ్ దేశంలో ఉండగా ఇంటి భారమంతా ఒంటరిగా మోసే తల్లులు ఎందరో ఉన్నారు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, పొద్దుపోయాక మిగిలినది తినే ఆ తల్లి ఏమి తిన్నదో, ఎంత తిన్నదో ఆమెకే గుర్తుండదు. వీరిలో ఎవరినీ సోమరి అనడానికి నోరు రాదు. శ్రమ, నిద్రలేమి, బెంగ, వేళతప్పిన తిండి కలిసి ఒంటి మీద తమ లెక్క తాము రాసుకుంటాయి.

ఇక చదువుకునే వయసులోని వేదన వేరు. కోరుట్ల నుండి జగిత్యాలకు బస్సులో వచ్చి చదువుకునే ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. తోటివారు పెట్టిన ఎగతాళి పేరు తరగతిలో ఆమె అసలు పేరును మింగేస్తుంది. ఆటల పోటీలకు ఆమె పేరు ఇవ్వదు. ఫొటో తీసేటప్పుడు చివరి వరుసలో నిలబడుతుంది. 'ఒళ్ళు దాచుకోవడం' అంటే పనికి వెనుకాడటం అని నిఘంటువు చెబుతుంది. ఆమె విషయంలో ఆ మాట అక్షరాలా నిజమై, సొంత ఒంటినే దాచుకోవలసి వస్తుంది. సన్నగా ఉన్నందుకు 'బక్కోడు' అనిపించుకునే అబ్బాయి బాధ కూడా ఇటువంటిదే. పెళ్ళిచూపుల నాటికి ఈ మాటలు మరింత పదునెక్కుతాయి.

అవమానం పొందినవారు పంతంతో బరువు తగ్గుతారని చాలామంది నమ్ముతారు. ఆచరణలో తరచుగా దీనికి భిన్నంగా జరుగుతుంది. అవమానించబడిన మనసు ఓదార్పు కోరుతుంది. చేతికి అందే సులభమైన ఓదార్పు తిండి. తిన్న కొద్దిసేపటికి తప్పు చేసిన భావం కలుగుతుంది. ఆ భావం నుండి 'రేపటి నుండి అన్నమే ముట్టను' అనే శపథం పుడుతుంది. రెండు రోజుల పస్తు తరువాత శపథం భంగమై, మునుపటికంటే ఎక్కువ తినడం, మునుపటికంటే ఎక్కువ తనను తాను నిందించుకోవడం జరుగుతాయి. ఈ చక్రం తిరిగిన ప్రతిసారీ ఆత్మాభిమానం కొంత అరిగిపోతుంది.

శపథం భంగం కావడాన్ని మనోబలం లేకపోవడంగా భావించడం సరికాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా అందులో పాల్గొన్నారు. ఆరు నెలలపాటు వారికి సగం కడుపుకు మాత్రమే ఆహారం ఇచ్చారు. వారు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. అంతకంటే ముఖ్యమైన మార్పు వారి మనసుల్లో వచ్చింది. చిరాకు, దిగులు పెరిగాయి. స్నేహాల మీద ఆసక్తి తగ్గింది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే మిగిలి, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. తిరిగి ఆహారం ఇచ్చినప్పుడు ఎంత తిన్నా తృప్తి కలగని స్థితి కొందరిలో చాలా కాలం ఉండిపోయింది.

దీనికి కారణం శరీరంలోనే ఉన్నదని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కొవ్వు కణాల నుండి వెలువడే లెప్టిన్ అనే హార్మోనును 1994లో కనుగొన్నారు. ఆకలిని రేపే గ్రెలిన్‌ను 1999లో కనుగొన్నారు. వేగంగా బరువు తగ్గినవారిలో లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఏడాది గడిచినా ఈ మార్పులు పూర్తిగా సర్దుకోలేదని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2011లో ప్రకటించారు. శరీరానికి పస్తుకూ కరవుకూ తేడా తెలియదు. అది తనను కాపాడుకోవడానికే ఆకలిని పెంచుతుంది. ఈ సత్యం తెలిసినవారు తమను తాము నిందించుకోవడం మానుతారు.

బరువు గురించిన బెంగకు మరొక మూలం అద్దంలో చూసుకునే కన్ను. ఆ కన్ను తనంతట తానుగా చూడదు, లోకం నేర్పినట్లు చూస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో నిండైన శరీరానికే సంప్రదాయంగా మన్నన ఉండేది. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. బరువు తగ్గడానికి తిన్నదానిని బలవంతంగా వెళ్ళగొట్టే హానికరమైన అలవాటు ఆ ఏడాది పరిశీలించిన బాలికల్లో ఒక్కరిలోనూ కనిపించలేదు. 1998లో మళ్ళీ పరిశీలించినప్పుడు నూటికి 11 మందిలో ఆ అలవాటు కనిపించింది. నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది. మెరుగులు దిద్దిన బొమ్మలతో తమను పోల్చుకునే అవకాశం నిమిషానికొకసారి ఎదురవుతున్నది. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' చలనచిత్రం ఈ సమస్యనే కథావస్తువుగా తీసుకున్నది. త్వరగా సన్నబరుస్తామని నమ్మించే వ్యాపారాన్ని ఎదిరించే యువతి పాత్ర కోసం కథానాయిక అనుష్క బరువు పెరిగి నటించింది.

సిరిసిల్ల మగ్గాలు ఈ విషయంలో ఒక చక్కని పాఠం చెబుతాయి. అక్కడ నేసిన చీర సన్నని స్త్రీకీ, బొద్దైన స్త్రీకీ ఒకే పొడవుతో చాలుతుంది. కుచ్చిళ్ళు ఒకటి తగ్గుతాయి, ఒకటి పెరుగుతాయి. కట్టుకునే మనిషిని బట్టి చీర సర్దుకుంటుంది. కొలతల అంకెలతో వచ్చే రెడీమేడ్ దుస్తుల దగ్గర మాత్రం మనిషే బట్టకు సరిపోవాలి. ఒక దుస్తు సరిపోనప్పుడు లోపం కుట్టినవారి కొలతలో ఉన్నదనుకోక, తన ఒంటిలోనే ఉన్నదని యువత బాధపడటం విచారకరం.

అంకెల విషయంలో వివేకం అవసరం. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బి.ఎం.ఐ. అనే సూచిక వస్తుంది. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెటెలే జనసమూహాలను అధ్యయనం చేయడానికి దీనిని రూపొందించాడు. ఎదిగే వయసువారికి వయసును బట్టి ప్రత్యేకమైన పట్టికలు ఉన్నాయి. పూణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనే ప్రకటించారు. ఇద్దరి సూచికా 22.3 మాత్రమే. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో నూటికి 9, యాజ్ఞిక్‌లో నూటికి 21 పాళ్ళు ఉన్నది. ఒకే అంకె ఇద్దరు మనుషులను ఒకటి చేయలేకపోయింది. అంకెను చూసి భయపడకుండా, దానిని పూర్తిగా విస్మరించకుండా, రక్తపోటు, చక్కెర, నడుము కొలత, నిద్ర, ఉత్సాహం వంటి ఇతర సూచనలతో కలిపి వైద్యుని సలహాతో అర్థం చేసుకోవాలి.

అధిక బరువు వల్ల మధుమేహం, రక్తపోటు, కీళ్ళనొప్పులు రావచ్చు గనుక అవసరమైనవారు తగ్గడం మంచిదే. వారానికి అరకిలోకు మించని తగ్గుదల క్షేమకరమని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. తగ్గిన బరువును నిలుపుకున్నవారి అలవాట్లను తెలుసుకోవడానికి అమెరికాలో 1994లో ఒక నమోదు పట్టిక ప్రారంభమైంది. అందులోని వారు పాటించినవి సాధారణమైన అలవాట్లే. రోజూ సుమారు గంటసేపు నడక లేదా వ్యాయామం, పనిదినమైనా సెలవుదినమైనా ఒకే తీరు భోజనం, క్రమం తప్పకుండా బరువు చూసుకోవడం వారిలో ఎక్కువగా కనిపించాయి. జొన్న రొట్టె, మక్క గట్క, ఆకుకూర, పప్పు ఈ ప్రాంతపు వంటింటికి కొత్తవి కావు. సంక్రాంతికి సకినాలు, సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు తిన్నంత మాత్రాన ప్రయత్నం చెడిపోదు. పదిమందితో పంచుకొని తిన్న పండుగ తిండిలో తృప్తి ఉంటుంది. ఒంటరిగా, దిగులుతో, దాచుకొని తిన్న తిండిలో అది ఉండదు. చేయి పళ్ళెం వైపు వెళ్ళినప్పుడు 'ఇది ఆకలా, అలసటా, ఒంటరితనమా' అని ఒక్క క్షణం ప్రశ్నించుకోవడం మంచి అభ్యాసం. అలసటకు నిద్ర, ఒంటరితనానికి మనిషి తోడు అవసరం. వాటికి అన్నం బదులు కాజాలదు.

ఇంటివారి బాధ్యత కూడా తక్కువది కాదు. బిడ్డ ఆరోగ్యం బాగుండాలని కోరే తల్లిదండ్రులు నలుగురిలో ఆమె ఒంటిని గురించి వ్యాఖ్యానించడం మానాలి. ఆమె ఒక్కదానికి వేరే వంట చేయడంకంటే ఇల్లంతా ఒకే మంచి తిండి తినడం, సాయంత్రం కలిసి నడవడం ఎక్కువ మేలు చేస్తాయి. భోజనం అంటేనే భయపడటం, రహస్యంగా తినడం, తిన్నదానికి తనను తాను శిక్షించుకోవడం, అద్దం ముందు గంటలు గడపడం వంటి లక్షణాలు కనిపిస్తే అధ్యాపకునికో, వైద్యునికో చెప్పాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా పొందవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. జ్వరానికి మందు అడగడంలో లేని సిగ్గు మనోవేదనకు సాయం అడగడంలో ఉండనవసరం లేదు.

ద్వేషంతో మొదలైన ప్రయత్నం శిక్షగా మారుతుంది. శిక్షను ఎవరూ జీవితాంతం భరించలేరు. ప్రేమతో మొదలైన ప్రయత్నం సంరక్షణగా మారి, నిత్యజీవితంలో కలిసిపోతుంది. బరువు తగ్గిన తరువాత తనను తాను గౌరవించుకుంటానని వాయిదా వేసేవారికి ఆ రోజు ఎప్పటికీ రాకపోవచ్చు. ఈనాడున్న ఒంటినే గౌరవించి, దానికి వేళకు అన్నం, నిద్ర, నడక అందించేవారు ఆరోగ్యానికి చేరువవుతారు. తక్కెడ ఒంటి బరువును మాత్రమే తూచగలదు. మనిషి విలువ దానికి అందదు.

కఠిన పదాలు – అర్థాలు

కలిమి : సంపద
పస్తు : తిండి లేకుండా ఉండటం
శపథం : ప్రతిజ్ఞ
ఆత్మాభిమానం : తన పట్ల తనకు గల గౌరవం
స్థూలకాయం : లావైన శరీరం
విస్మరించు : మరచు, పట్టించుకోకుండా ఉండు
తక్కెడ : త్రాసు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బరువు తగ్గాలన్న శపథాలు భంగం కావడానికి గల శారీరక, మానసిక కారణాలను వివరించండి.
2. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజల జీవన విధానం ఆధారంగా 'అధిక బరువు సోమరుల లక్షణం' అనే అభిప్రాయాన్ని చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. 'దొడ్డ' అనే పదానికి గల భిన్నార్థాలు ఏవి?
2. మిన్నెసోటా ప్రయోగంలో పాల్గొన్నవారి మనసుల్లో వచ్చిన మార్పులు తెలపండి.
3. సిరిసిల్ల చీర చెప్పే పాఠం ఏమిటి?
4. యాజ్ఞిక్, యుడ్కిన్‌ల కొలతల వల్ల తెలిసే విషయం ఏమిటి?

ఇ) సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
1. ఆత్మాభిమానం 2. ప్రత్యేకం

ఈ) ఎదుటివారి ఒంటిని గురించి తరగతిలో వినిపించే ఎగతాళి మాటలను ఎలా మాన్పించవచ్చో మిత్రులతో చర్చించి, పది వాక్యాలు రాయండి.