ఆరు వందల రూపాయల్లో హైదరాబాదు
(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని)

మన జడ్చర్లకు హైదరాబాదు సుమారు 80 కిలోమీటర్లు. పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా ఇమ్లీబన్‌లో దిగుతాం. అయినా మన తరగతిలో ఎంతమంది ఆ నగరాన్ని తీరిగ్గా చూశారని అడిగితే లేచే చేతులు తక్కువే. పెళ్లిబట్టలకో, పెద్దాసుపత్రికో, పరీక్ష రాయడానికో పోతాం. పని కాగానే తిరుగు బస్సు పట్టుకుంటాం. జేబు నిండా డబ్బుంటేనే హైదరాబాదు చూడగలమనే మాట మనలో పాతుకుపోయింది. అది ఎంతవరకు నిజమో తేల్చుకుందామని గత డిసెంబరులో ఒక ప్రయోగం చేశాను. కావలసిన సామగ్రి: 600 రూపాయలు, ఆరు జొన్నరొట్టెలు, పల్లికారం, నీళ్ల సీసా, మా నాయన.

నాయన ఎందుకంటారా? మాకు రెండెకరాల చెలక. బోరు ఎండిన ఏళ్లలో ఆయన హైదరాబాదు అడ్డా మీద నిలబడి కూలికి పోయేవాడు. పాలమూరు లేబరు పేరు వినని ఊరు లేదు కదా. ఆనకట్టలకు, కాలువలకు, మేడలకు మన జిల్లా మనుషులు తట్టా పారా పట్టుకుని ఎక్కడెక్కడికో పోయారు. అన్నీ కలిపితే నాయన ఆ నగరంలో నాలుగేళ్లు ఉన్నాడు. చార్మినార్ మాత్రం చూడలేదు. ఒక మేస్త్రీ మూడు నెలల కూలి ఎగ్గొట్టాక ఆ ఊరి పేరెత్తితేనే ముఖం తిప్పుకునేవాడు. డిగ్రీ అయ్యాక ఎం.ఎస్సీ.కి అక్కడికి పోతానంటే, "ఆ ఊరు మనసొంటోళ్లకు గాదు బిడ్డా" అని ఒక్క మాటతో కొట్టేశాడు. కనుక నా ప్రయోగానికి ఆయనే పరీక్షాధికారి.

2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. నాయనకు మాత్రం పూర్తి టికెట్టు. రానుపోను దానికే మా డబ్బులో సగం దాకా పోయింది. తమ్ముళ్లకు, అన్నలకు నా సలహా రైలు. జడ్చర్ల స్టేషన్ నుండి కాచిగూడకు ప్యాసింజరు బండి ఛార్జీ బస్సు కంటే బాగా తక్కువ. వేళలు ముందే కనుక్కోవాలి.

ఊరంతా చూడాలనుకుంటే ఆటోలకే డబ్బంతా పోతుంది. అందుకని నేను దిగిన చోటు నుండి నడిచి పోగలిగినంత మేరే ఎంచుకున్నాను. ఇమ్లీబన్, అఫ్జల్‌గంజ్, నయాపూల్, చార్మినార్ – అంతే. నడవాలంటే చలికాలమే మేలు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడే ఉండదు. మే నెలలో నడిస్తే మన నీడ కూడా మనకు తోడు రాదన్నమాట!

ఇమ్లీబన్ అంటే చింతతోపు. అక్కడి నుండి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న రోజున ఈ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. వృక్షశాస్త్రం చదివే మిత్రులకు ఒక ముచ్చట: అరబ్బులు దీన్ని హిందూదేశపు ఖర్జూరం అన్నారు, శాస్త్రనామంలోనూ 'ఇండికా' ఉంది, కానీ చింత పుట్టిల్లు ఆఫ్రికా. నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన మొదలు మీద చెయ్యి పెట్టి, "గీ ఆసుపత్రి ముంగట నుంచి ఎన్నిసార్లు పోయిన్నో. లోపలికి రావొచ్చని ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

దగ్గర్లోనే 1891లో పుట్టిన అసఫియా గ్రంథాలయం, ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. కూర్చుని చదువుకోవడానికి పైసా అక్కర్లేదు. మన వయసు పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కనిపించారు.

వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. గేటు దగ్గర నాయన ఆగిపోయాడు. వెనకవాళ్లకు దారి ఇస్తూ, "నువ్వు పో, నేను ఈడనే కూసుంట" అన్నాడు. నేను ఇద్దరికీ టికెట్లు తెచ్చి ఒకటి ఆయన చేతిలో పెట్టాను. రొట్టెల సంచి కౌంటర్లో అప్పజెప్పి లోపలికి పోయాం.

ఇది 1951లో దివాన్ దేవ్డీలో మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణే ఇందులో ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండుకు సంగీత గడియారం ముందు జనం గుమిగూడారు. బుల్లి గడ్డపు మనిషి బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టాడు. నాయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

కానీ ఆయన్ని నిలబెట్టేసింది మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కినది, 1876 నాటిది. ముఖం మీద పలుచని తడిబట్ట కప్పినట్టే ఉంటుంది. పాలరాయి వెలుతురును పైనే ఆపేయదు. కొంత లోపలికి పోయి చెదిరి తిరిగి వస్తుంది, అందుకే ఆ మెత్తదనం. నేను ఈ పాఠం చెబుతుంటే నాయన వినలేదు. "పాలరాయి బండలు మోసిన బిడ్డా. అంచు తగిల్తె పెచ్చు లేస్తది. గింత పల్చగ ఎట్ల తీసిండు?" అన్నాడు. పావుగంట కదల్లేదు. కావలి మనిషి వస్తే ఏమంటాడోనని నేను భయపడ్డాను. అతను నాయన పక్కన నిలబడి తానూ చూశాడు.

బయట రొట్టెలు తిన్నాం. 2014లో నగరపాలక సంస్థ ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టాక ఎన్నో దినాలు దానితోనే గడిపానని నాయన అప్పుడు చెప్పాడు. ఇంట్లో ఎన్నడూ అనలేదు.

చార్మినార్ (1591) పైకెక్కడానికి టికెట్టు. మేము ఎక్కలేదు, చుట్టూ తిరగడానికి రుసుము లేదు. నాయన గోడ గచ్చును గోటితో గీరబోతే ఆపాను. ఇది సిమెంటు రాకముందటి సున్నపు పని. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లమెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. "అంటే ఏండ్లు గడిస్తె గట్టిపడ్తదా?" అన్నాడు. అవునన్నాను. మక్కా మసీదును బయటి నుండే చూసి సిటీ బస్సులో కోఠికి పోయాం. పాత పుస్తకాల వరుసలో ఒక కర్బన రసాయన శాస్త్రం దొరికింది. బేరం నాయనే చేశాడు, బాదేపల్లి మార్కెట్లో పల్లికాయ అమ్మినట్టు రెండుసార్లు లేచిపోయి మళ్లీ వచ్చి.

టీ నీళ్లతో సహా ఖర్చు పోగా 45 రూపాయలు మిగిలాయి.

తిరుగు బస్సు ఆరాంఘర్ దాటుతుంటే నాయన కిటికీలోంచి ఒక మేడను చూపించి, "మూడో అంతస్తు స్లాబు మేమే పోసినం" అన్నాడు. కూలి పోయింది ఆ మేడ మీదేనట. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. షాద్‌నగర్ దగ్గర నా ఒళ్లోని పుస్తకం తీసుకుని బరువు చూసి, "ఆ ఎమ్మెస్సీకి ఫీజెంతుంటది?" అని అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను.