వద్దన్న గొంతు

రేడియోలో పాట వస్తుంది. పాడినవాళ్ళ పేరు కూడా చెబుతారు. ఒకప్పుడు అలా కాదు. పాట అందరికీ తెలిసేది. పాడిన మనిషి పేరు మాత్రం తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి పాడటానికి వెళ్ళింది. నీ గొంతు వద్దన్నారు. తరువాత ఏమైంది? ఇది కట్టుకథ కాదు. జరిగిన కథ.

ఇంటికి పెద్ద బిడ్డ

ఆ అమ్మాయి పేరు లత. 1929లో ఇండోర్‌లో పుట్టింది. వాళ్ళ ఇంటి భాష మరాఠీ. తండ్రి దీనానాథ్ మంగేష్కర్. ఆయన నాటకాల్లో వేషం కట్టేవాడు, పాడేవాడు. లత తండ్రి దగ్గరే పాట నేర్చుకుంది.

లత బడికి పోయి చదువుకున్నది లేదు. చిన్నప్పుడు ఇంట్లో పనిచేసే కుర్రవాణ్ణి అడిగి అక్షరాలు దిద్దుకుంది.

1942లో తండ్రి చనిపోయాడు. అప్పటికి లతకి పదమూడేళ్ళు కూడా నిండలేదు. ఆమె తరువాత ముగ్గురు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. ఇల్లు ఎలా గడవాలి? లత సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసింది. ముఖానికి రంగు పూసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అయినా వేసింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా!

అదే ఏడాది ఒక మరాఠీ సినిమాలో పాట పాడింది. సినిమా వచ్చింది. పాట మాత్రం అందులో లేదు. తీసేశారు.

గొంతు పరీక్ష

1945లో లత ముంబై చేరింది. అప్పట్లో ఆ ఊరిని బొంబాయి అనేవారు. అక్కడ గులాం హైదర్ అనే సంగీత దర్శకుడు ఆమె పాట విన్నాడు. ఆయనకు ఆ గొంతు నచ్చింది. గోరెగావ్‌లో ఉన్న ఒక సినిమా కంపెనీకి ఆమెను వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. అక్కడ షహీద్ అనే సినిమా తీస్తున్నారు. లతకి అప్పుడు ఇంచుమించు పద్దెనిమిదేళ్ళు.

నిర్మాత ఆమె పాట విన్నాడు. గొంతు మరీ సన్నగా ఉందన్నాడు. వద్దన్నాడు.

ఎందుకలా అన్నాడు? ఆ రోజుల్లో బరువైన గొంతులకు గిరాకీ. నూర్జహాన్, షంషాద్ బేగం వంటి వాళ్ళ పాటలు జనం నోట ఉండేవి. కొత్త రుచిని నాలుక వెంటనే ఒప్పుకోదు. చెవి కూడా అంతే.

గులాం హైదర్‌కు కోపం వచ్చింది. ఒకనాడు నిర్మాతలే వచ్చి పాడమని ఈ పిల్లను బతిమాలుకుంటారని చెప్పాడు. లతను తీసుకుని బయటికి వచ్చేశాడు.

స్టేషన్‌లో పాట

గోరెగావ్ తరువాతి స్టేషన్ మలాడ్. అక్కడ ఇంకో సినిమా కంపెనీ ఉండేది. దాని పేరు బాంబే టాకీస్. అక్కడికి పోదామని ఇద్దరూ గోరెగావ్ స్టేషన్‌కు వచ్చారు. రైలు కోసం నిలబడ్డారు.

ఒక్కసారి ఆలోచించండి. అప్పుడే వద్దన్నారు. ఇంటి దగ్గర తల్లి, చెల్లెళ్ళు, తమ్ముడు ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఇంక చాలు, ఇంటికి పోదాం అనిపిస్తుంది.

గులాం హైదర్ అక్కడే ఒక కొత్త పాట వరస పాడి వినిపించాడు. ఆయన చేతిలో సిగరెట్ డబ్బా ఉంది. దాని మీద తాళం వేశాడు. లతను పాడమన్నాడు. లత పాడింది.

1948లో మజ్బూర్ అనే సినిమా వచ్చింది. లత స్టేషన్‌లో పాడిన పాట అందులో ఉంది. ఆమెకు దొరికిన మొదటి పెద్ద అవకాశం అదే. గొంతు మారలేదు. విన్నవాళ్ళు మారారు.

పప్పన్నం వాసన

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. ఒకనాడు రైల్లో దిలీప్ కుమార్ అనే పెద్ద నటుడు లతను చూశాడు. ఈ అమ్మాయి బాగా పాడుతుందని, మరాఠీ పిల్ల అని పక్కవాళ్ళు చెప్పారు. మరాఠీ వాళ్ళు ఉర్దూ పలికితే పప్పన్నం వాసన వస్తుందని ఆయన అన్నాడు. అంటే పలుకు సరిగా ఉండదని. హిందీ సినిమా పాటల్లో ఉర్దూ మాటలు ఎక్కువ.

ఆ మాటకు లత నొచ్చుకుంది. తరువాత ఆలోచించింది. ఒక మౌల్వీ దగ్గర ఉర్దూ నేర్చుకుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. లతను రెండు మాటలు అన్నారు. గొంతు సన్నం అన్నారు. అది పుట్టుకతో వచ్చిన గొంతు. ఆ మాట విని ఆమె పాట మానలేదు. పలుకు బాగాలేదన్నారు. అది నేర్చుకుంటే వచ్చేది. అందుకే నేర్చుకుంది. నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఏ మాట వదిలెయ్యాలి, ఏ మాట పట్టుకోవాలి? అది మనం తేల్చుకోవాలి.

ఆమెకు ఇంకో మంచి అలవాటు ఉండేది. పాడబోయే పాటను ముందు తన చేత్తో కాగితం మీద రాసుకునేది. పెద్ద గాయని అయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

పాడింది ఎవరు?

1949లో మహల్ అనే సినిమా వచ్చింది. అది బాంబే టాకీస్ వాళ్ళు తీసిన సినిమా. అందులో లత పాడిన పాట దేశమంతా మోగింది. కాని గ్రామఫోన్ రికార్డు మీద లత పేరు లేదు. కామిని అని ఉంది. కామిని ఎవరు? ఆ సినిమా కథలో ఉన్న అమ్మాయి. అప్పట్లో రికార్డుల మీద అలాగే వేసేవారు.

రేడియోలో ఆ పాట విన్నవాళ్ళు ఊరుకోలేదు. ఇది పాడింది ఎవరు, పేరు చెప్పండి అని రేడియోకి ఉత్తరాలు రాశారు. రేడియోవాళ్ళు రికార్డు కంపెనీని అడిగి తెలుసుకున్నారు. పాడింది లతా మంగేష్కర్ అని చెప్పారు.

పెన్ను పట్టి ఉత్తరం రాసినవాళ్ళ వల్ల ఒక మనిషి పేరు పదిమందికీ తెలిసింది.

తరువాత లత ఎన్నో భాషల్లో పాడారు. 1955లో వచ్చిన తెలుగు సినిమా సంతానంలో తమ్ముణ్ణి నిద్రపుచ్చే పాట ఆమె పాడినదే. 1989లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. 2001లో భారతరత్న ఇచ్చారు. 2022 ఫిబ్రవరి 6న ముంబైలో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయస్సు 92 ఏళ్ళు.

మనల్ని కూడా ఎవరో ఒకరు వద్దనే ఉంటారు. ఈ వయస్సులో నీకు చదువెందుకు అనే ఉంటారు. వాళ్ళు అలా అన్నా మీరు పలక పట్టారు. వేలిముద్ర వేసిన చోట ఇప్పుడు మీ పేరు రాస్తున్నారు. ఆ పేరు చెరగనివ్వకండి.

కొత్త మాటలు

గిరాకీ – కావాలని చాలామంది అడగడం
వరస – పాట పాడే తీరు
నిర్మాత – డబ్బు పెట్టి సినిమా తీసే మనిషి
మౌల్వీ – ఉర్దూ, అరబ్బీ చదువు చెప్పే గురువు

జవాబులు చెప్పండి

1. లత సినిమాల్లో వేషాలు ఎందుకు వేసింది?
2. నిర్మాత లత గొంతును ఎందుకు వద్దన్నాడు?
3. లత ఉర్దూ ఎందుకు నేర్చుకుంది?
4. రికార్డు మీద ఎవరి పేరు వేశారు?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో బాగా పాడే ఆడవాళ్ళు ఎవరు? నాట్లప్పుడు, పెళ్ళిళ్ళలో ఏ పాటలు పాడతారు? ఆ పాటలు ఎవరైనా రాసి పెట్టారా?

రాయండి

మీ అమ్మ గాని, అమ్మమ్మ గాని పాడే పాట ఒకటి గుర్తు చేసుకోండి. మీ చేత్తో నోటు పుస్తకంలో రాయండి. పాట కింద వాళ్ళ పేరు రాయండి. దాని కింద మీ పేరు రాయండి.